పానగల్లు వ్యాసంలో పోయిన పేరాలు

"గిదేందిరా అల్లుడూ, నా వ్యాసమంతా ఒక్క ముద్ద చేసి పెట్టినవ్? పేరాలన్నీ యాడవోయినయ్?"

మా మేనమామ నల్లగొండలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఊరి పక్కనున్న పానగల్లు గుళ్ల మీద ఆయన రాసిన వ్యాసాల కోసం పీహెచ్‌పీ (వెబ్ పేజీలు తయారుచేసే భాష), మైఎస్‌క్యూఎల్ (వ్యాసాలు దాచే డేటాబేస్)లతో చిన్న వెబ్‌సైట్ కట్టిచ్చాను. గడియారం సెంటర్ దగ్గర డీటీపీ చేయించిన ఫైళ్లను అను అనే పాత డీటీపీ ఫాంట్ల నుంచి, వెబ్‌లో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడమే ఒక పెద్ద కథ, అది ఇంకోసారి.

డేటాబేస్ తెరిచి చూస్తే పేరాలు పేరాలుగానే ఉన్నాయి. మామ ఎంటర్ కొట్టిన ప్రతిచోటా కొత్త లైన్ గుర్తు భద్రంగా ఉంది. బ్రౌజరే దాన్ని మామూలు ఖాళీగా లెక్కగట్టి అంతా కలిపేస్తోంది. ఓస్ ఇంతేనా అనుకుని, సేవ్ చేసేటప్పుడే పీహెచ్‌పీలోని ఎన్ఎల్2బీఆర్ ఫంక్షన్ పెట్టి ప్రతి లైన్ చివరా బీఆర్ ట్యాగ్, అంటే ఇక్కడ లైన్ విరగాలని బ్రౌజర్‌కు చెప్పే గుర్తు, చేర్చేశాను. పేజీ చక్కగా కనబడింది.

మర్నాడు మామ అచ్చుతప్పు దిద్దుదామని ఎడిట్ నొక్కాడు. పెట్టె నిండా బీఆర్ ట్యాగులే. పట్టించుకోకుండా దిద్ది సేవ్ చేశాడు. ఉన్న ట్యాగుల పక్కన మళ్లీ ట్యాగులు చేరాయి, రెండు లైన్ల మధ్య సందు రెట్టింపైంది. ఇంకోసారి సేవ్ చేస్తే ఇంకా పెరిగింది. పదకొండు వ్యాసాల్లో వాటిని ఏరడానికి ఒక ఆదివారం పోయింది. తప్పు నాదే. మనిషి టైప్ చేసింది టైప్ చేసినట్టు దాచాలి, ట్యాగుల సంగతి చూపించేటప్పుడు చూసుకోవాలి.

తర్వాత ఆయనకు ఉపశీర్షికలు, బొద్దు అక్షరాలు కావాల్సొచ్చాయి. బటన్లున్న ఎడిటర్ పెట్టి చూశాను. వర్డ్ నుంచి పేస్ట్ చేయగానే నాలుగు ముక్కల వాక్యానికి నలభై ముక్కల చెత్త కోడ్ వచ్చి పడింది. తీసేసి, మామూలు గుర్తులతోనే అమరిక చెప్పే మార్క్‌డౌన్ పద్ధతికి వెళ్లాను. ఖాళీ లైన్ వదిలితే పేరా, ముందు రెండు హ్యాష్‌లు పెడితే ఉపశీర్షిక. మామకు పది నిమిషాల్లో వచ్చేసింది. కానీ శాసనం దగ్గర చిక్కొచ్చింది. రాతి మీద ఏ పంక్తి ఎక్కడ విరిగిందో వ్యాసంలోనూ అక్కడే విరగాలంటాడు. మార్క్‌డౌన్‌లో అలా విరగాలంటే లైన్ చివర రెండు ఖాళీలు కొట్టాలి. కంటికి కనబడని ఖాళీలు ఆయనతో ఎలా కొట్టించను? మార్క్‌డౌన్‌ను వెబ్ పేజీగా మార్చే పార్స్‌డౌన్ లైబ్రరీలో ఎంటర్ కొడితే చాలు లైన్ విరిగే సెట్టింగ్ ఉంది, అది పెట్టేశాను. ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్‌తో హానికర కోడ్ దూర్చినా పనిచేయకుండా సేఫ్ మోడ్ కూడా ఆన్ చేశాను.

అంతా కుదిరిందనుకునేసరికి అసలు టెన్షన్ మొదలైంది. ఛాయా సోమేశ్వరాలయం మీద పెద్ద వ్యాసం, గర్భగుడిలో పొద్దంతా కదలని స్తంభం నీడ గురించి చెబుతూ చెబుతూ సగం మాటలో ఆగిపోయింది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. డేటాబేస్‌లో వ్యాసం దాచే కాలమ్ (గడి) టెక్స్ట్ రకం, దాని హద్దు 65,535 బైట్లు. అక్షరాలు కావు, బైట్లు! అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. 'స్తంభం' అనే మాటనే తీసుకోండి: స, పొల్లు, త, సున్న, భ, సున్న. ఆరు గుర్తులు, 18 బైట్లు. ఆ లెక్కన కాలమ్‌లో పట్టేవి 21,845 గుర్తులే. హద్దు దాటితే ఎర్రరిచ్చి ఆపే స్ట్రిక్ట్ మోడ్ సర్వర్‌లో ఆఫ్‌లో ఉండటంతో మిగిలింది చప్పుడు లేకుండా కోసేసింది.

కాలమ్‌ను మీడియంటెక్స్ట్‌కు మార్చాను, 16 ఎంబీ దాకా పడుతుంది. స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేశాను. పోయిన ముక్క మాత్రం డేటాబేస్‌లో ఎక్కడా లేదు. మామ నోటుబుక్కు ముందు పెట్టుకుని రెండు రాత్రులు మళ్లీ టైప్ చేశాడు.

మొన్న వెళ్తే ఫోన్‌లో శాసనం పేజీ తెరిచి, వేలు పెట్టి పంక్తులు లెక్కబెడుతున్నాడు.

"పదమూడో పంక్తిల ఒక సున్న తక్కువైందిరా."

ఎడిట్ బటన్ చూపించాను.