కూలెంట్ మార్చిన ఉదయం

నిన్న సాయంత్రం కారు బానెట్ ఎత్తి చూస్తే, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ మట్టం కనిష్ఠ గీతకు వేలెడు కింద ఉంది. ఆకుపచ్చగా మెరవాల్సిన ద్రవం తుప్పు రంగుకు తిరిగింది. తెల్లగుడ్డకు అద్దితే గోధుమరంగు నలుసులు అంటుకున్నాయి. మనసు చివుక్కుమంది. ఇంజన్ ఆయిల్ మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతైనా దీని మీద పెట్టలేదు నేను.

రాత్రంతా ఇంజన్‌ను చల్లారనిచ్చి, ఈ ఉదయం నేనే మార్చాను. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. ఒత్తిడి వల్ల లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగదు; మూత వదులైన క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఈ ఒక్క విషయంలో తొందర వద్దని అందరినీ బతిమాలుతాను.

పాతది దించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌నే అదే నీటితో సగానికి సగం కలిపి పోశాను. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి. హీటర్ పూర్తిగా పెట్టి ఇంజన్ నడిపితే, చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వచ్చింది. మట్టం దిగింది, మళ్లీ నింపాను.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేల తుడిచాను. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కో పిల్లో కాస్త నాకినా ప్రాణం మీదికి వస్తుంది. పాతదాన్ని డబ్బాలో పోసి మూత బిగించాను.

రేపు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మరోసారి చూడాలి.