పుచ్చిన బిట్లు, చెల్లని బిట్లు

పాత ఫోటోలను ఒక డిస్క్ నుంచి మరో డిస్క్‌కు మార్చినప్పుడల్లా, ప్రతి ఫైలుకూ మునుపు లెక్కకట్టి పెట్టుకున్న ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ను కొత్త ప్రతితో పోల్చి చూసుకోవడం నాకు అలవాటు. చెక్‌సమ్ అంటే ఫైలులోని బిట్లన్నిటి నుంచి, అంటే 0, 1 అంకెలన్నిటి నుంచి, లెక్కకట్టే గుర్తింపు సంఖ్య; ఒక్క బిట్టు మారినా అది మారిపోతుంది. గత నెలలో ఆ పోలికలో ఒక ఫైలు తేడాగా వచ్చింది. దాని పరిమాణం మారలేదు, తేదీ మారలేదు. తెరిచి చూస్తే బొమ్మ పైసగం సరిగానే ఉంది, అక్కడి నుంచి కిందికి మాత్రం రంగులు చెదిరి పక్కకు జరిగిపోయాయి. అదే వారంలో, 2012లో పైథాన్ భాషలో రాసుకున్న ఒక చిన్న ప్రోగ్రామ్‌ను మళ్ళీ నడపబోతే అది నడవనే లేదు. అయితే దాని చెక్‌సమ్ పొల్లు పోకుండా సరిపోయింది. ఈ రెండు సంగతులూ విన్న మిత్రుడు రెండింటికీ ఒకే పేరు చెప్పారు: బిట్ రాట్, అంటే బిట్లు కుళ్ళిపోవడం.

ఆయన తప్పు చెప్పలేదు, కంప్యూటర్ రంగంలో ఆ మాటను రెండు అర్థాల్లోనూ వాడుతున్నారు. కానీ తెలుగులో ఆలోచిస్తే ఈ రెండింటికీ ఒకే మాట రాదు. పైకి నిగనిగలాడుతూ లోపల పాడైన గింజను పుచ్చింది అంటాం. చెక్కుచెదరకుండా ఉన్నా ఎవరూ పుచ్చుకోని నాణేన్ని చెల్లదు అంటాం. నా ఫోటో పుచ్చింది, నా ప్రోగ్రామ్ చెల్లలేదు.

పుచ్చడం భౌతికమైన విషయం. ఫ్లాష్ మెమరీలో ప్రతి బిట్టూ ఒక సూక్ష్మమైన అరలో బంధించిన విద్యుదావేశం. అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కారిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా కారిపోతుంది, అనేకసార్లు రాసి చెరిపిన అరల్లో మరింత త్వరగా కారిపోతుంది. మనం రాసుకునే సీడీల్లో రంగుపొర వెలిసిపోతుంది. వీటిని తట్టుకోవడానికే డిస్కులు దత్తాంశంతో పాటు దోషాలను సరిదిద్దే సంకేతాలను కూడా దాచుకుంటాయి. ఆ విద్యకు పునాది బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన వ్యాసం. సరిదిద్దలేనంత చెడితే డిస్క్ చదవలేనని ఒప్పుకుంటుంది, తప్పును ఒప్పుగా చూపడం అరుదు. అందువల్ల ఎవరికీ తెలియకుండా జరిగే మార్పుల్లో చాలావాటికి కారణం డిస్క్ ఉపరితలం కాకుండా, దారిలో ఉన్న కేబులో, డిస్క్‌ను నడిపే కంట్రోలరో, దానిలో ఇమిడిన ప్రోగ్రామైన ఫర్మ్‌వేరో, కాపీ చేసే క్షణంలో బిట్టును తిప్పేసిన ర్యామో అయి ఉంటుంది.

ఒక్క బిట్టు మారితే ఎంత నష్టమో తెలుగు అక్షరాలతోనే చూడవచ్చు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో క సంఖ్య 3093, గ సంఖ్య 3095. ఆ సంఖ్యలను ఫైలులో బైట్లుగా, అంటే ఎనిమిదేసి బిట్లుగా, రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో రెండూ మూడేసి బైట్లు. మొదటి రెండు బైట్లు ఒకటే, మూడోది క అయితే 10010101, గ అయితే 10010111. కుడి నుంచి రెండో బిట్టు ఒక్కటి తిరగబడితే కాలం గాలమవుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి అక్షరదోషాలను వెతికే ఏ సాధనమూ దీన్ని పట్టుకోలేదు. మారక ముందు లెక్కకట్టిన చెక్‌సమ్ మాత్రమే పట్టిస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో విడుదల చేసిన జడ్‌ఎఫ్‌ఎస్ ఈ పనిని డిస్క్‌పై ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌కే అప్పగించింది. అది దత్తాంశాన్ని బ్లాకులనే ముక్కలుగా దాచి, ప్రతి బ్లాకు చెక్‌సమ్‌నూ ఆ బ్లాకులో కాకుండా దాన్ని చూపించే పై బ్లాకులో ఉంచుతుంది, స్క్రబ్ అనే తనిఖీని నడిపినప్పుడు అన్నిటినీ చదివి, చెడినదాన్ని మంచి ప్రతి నుంచి తిరిగి రాస్తుంది. మంచి ప్రతి అంటూ ఉండాలన్నదే ఇక్కడ ముఖ్యం. పరీక్షించకుండా తీసే బ్యాకప్ పుచ్చిన ఫైలును కూడా అంతే నమ్మకంగా కాపీ చేస్తుంది.

ఇక చెల్లకపోవడం. హ్యాకర్ల పదకోశమైన జార్గన్ ఫైల్ బిట్ రాట్‌ను ఒక ఊహాజనిత వ్యాధిగా చెబుతుంది: ఏమీ మారకపోయినా, వాడకుండా వదిలేసిన ప్రోగ్రామ్ కొంతకాలానికి పనిచేయడం మానేస్తుంది. నిజానికి మారినది చుట్టూ ఉన్న లోకం. నా ప్రోగ్రామ్ రాసింది ఆ భాష పాత కూర్పైన పైథాన్ 2లో, ఆ కూర్పుకు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ప్రింట్ వాక్యాలకు కుండలీకరణాలు చేర్చగానే అది పైథాన్ 3లో నడిచింది. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత జరిగినది. పైథాన్ 2లో 7ను 2తో భాగిస్తే 3 వస్తుంది, పైథాన్ 3లో 3.5 వస్తుంది. పూర్ణాంకాన్ని ఆశించి నేను రాసిన ఒక వరుస, ఏ ఫిర్యాదూ లేకుండా వేరే జవాబులు ఇస్తూ పోయింది. ఏ చెక్‌సమ్‌కూ అందని మౌనం ఇది. కొన్నిచోట్ల చెల్లని గడియ కూడా ముందే తెలుసు. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను ధన, రుణ గుర్తుతో కూడిన 32 బిట్ల సంఖ్యలో లెక్కించే ప్రోగ్రాములకు 2038 జనవరి 19, అంతర్జాతీయ కాలమానం ప్రకారం 03:14:07తో లెక్క నిండిపోతుంది.

ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ 2015లో శాన్ హోసేలో జరిగిన ఒక విజ్ఞానశాస్త్ర సమావేశంలో హెచ్చరించినది ఈ రెండో అర్థానికి దగ్గరి విషయమే. ఫైలు భద్రంగా ఉంటుంది, దాన్ని అర్థం చేసుకునే ప్రోగ్రామ్ ఉండదు. శాసనం చెదరలేదు, లిపి తెలిసినవారు మిగలలేదు. యూనికోడ్‌కు ముందు ప్రత్యేక ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచి, రోమన్ గుర్తుల గజిబిజిని చూసినవారికి ఇది కొత్త కాదు.

పేరు ఒకటే కావడం నాకు పట్టింపయ్యేది మందు దగ్గర. పుచ్చకుండా ఉండాలంటే ఒక్క బిట్టూ కదలకూడదు. చెల్లుబాటు కావాలంటే బిట్లను మార్చక తప్పదు, మార్చిన క్షణంలో పాత చెక్‌సమ్‌కు విలువ ఉండదు. పాత వ్యవస్థనే, దాన్ని అనుకరించే ప్రోగ్రామైన ఎమ్యులేటర్‌లో బతికించుకోవచ్చు, అయితే ఆ ఎమ్యులేటర్ ఫైలు కూడా పుచ్చకుండా కాపాడుకోవలసినదే. డిజిటల్ భాండాగారాలు మూలాన్ని ముట్టకుండా ఉంచి, కొత్త రూపాన్ని దాని పక్కన చేర్చడం ఇందుకే. అన్నిటికీ చెక్‌సమ్‌లు సరిపోయాయని ఇన్నేళ్లూ నేను నిశ్చింతగా ఉండడం సగానికే సమాధానమని ఆ పైథాన్ ఫైలు చూపించింది.

ఫోటోను వేరేచోట ఉంచిన రెండో డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకున్నాను, చెక్‌సమ్ సరిపోయింది. ప్రోగ్రామ్ పాత ప్రతిని అలాగే ఉంచి, సరిదిద్దినదాన్ని వేరే పేరుతో దాని పక్కనే పెట్టాను. ఏ పైథాన్‌తో నడిచేదో, ఏ అంకెలు ఇస్తే ఏ జవాబు రావాలో ఒక సాదా పాఠ్య ఫైలులో రాసి, ఆ మూడింటికీ కొత్త చెక్‌సమ్‌లు లెక్కకట్టాను.