మేలుకోటె ట్రిప్పు, తెల్ల బోర్డు బండి: నా అనుభవం

కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. బెంగుళూరులో ఈమధ్య శని, ఆదివారాలకి చిన్న గ్రూపు ట్రిప్పులంటూ ఇన్‌స్టాలో తెగ పోస్టర్లు వస్తున్నాయి కదా, "కొండమీద పాత ఊళ్ళు, ఆరుగురే ఆరుగురు, గుంపు గోల ఉండదు, ఇంటి మనుషుల్లా వెళ్ళొద్దాం" అని. అలాంటి ఒకదాంట్లో మా అత్తయ్యని తీసుకుని మండ్య దగ్గర కొండమీది గుడి ఊరు మేలుకోటె వెళ్ళాను. ఇంటి మనుషుల్లా అన్నమాట అంత సీరియస్‌గా అన్నారని అప్పటికి తెలీదు.

బుకింగ్ రెండు నిమిషాల పని. ఫారం లేదు, రసీదు లేదు, వాట్సాప్‌లో పేర్లు పంపితే ఒక ఫోన్ నంబరిచ్చి మనిషికి 2,200 వేయమన్నారు. నోట్ దగ్గర "పెట్రోల్ షేర్" అని రాయాలట. ఎందుకండీ అంటే "అకౌంట్స్ కోసం మేడమ్" అని ఓ నవ్వు బొమ్మ. పోస్టర్లో కొండమీద "ఊళ్ళు" అని ఉంది గానీ లిస్టులో ఉన్నవి రెండే, మేలుకోటె, తొండనూరు. ఆ రెండోది చెరువు పక్క ఊరు. కొండకీ చెరువుకీ తేడా తెలీనివాళ్ళు కూడా టూర్లు నడిపేస్తున్నారు.

మా అత్తయ్య ఒంగోలులో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. శ్రీరంగం, కంచి, తిరుమల అన్నీ చూశారు, రామానుజులవారు పన్నెండేళ్ళున్న మేలుకోటె మాత్రం మిగిలిపోయిందని మా ఇంటికి వచ్చినప్పుడల్లా అంటారు. మా ఆయనకి శనివారం కూడా ఆఫీసు కాల్సే. ఇంకేం, నేనే బయల్దేరదీశాను.

తెల్లారకముందే మారతహళ్ళి వంతెన దగ్గర ఎక్కించుకున్నారు. ఇన్నోవా, శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేస్తోంది, నంబర్ ప్లేటు తెల్లది. లోపల మేమిద్దరం, హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో చేసుకుంటున్న ఓ కుర్ర జంట, మెడలో పెద్ద కెమెరాతో ఓ తమిళ పెద్దాయన, ఇంజినీరింగ్ చదివే ఓ పిల్లాడు. పోస్టర్ వేసినతను రానేలేదు, డ్రైవర్ ఒక్కడే. బిడదిలో తట్టె ఇడ్లీ తిన్నాం. బాగుంది, వెన్న కూడా వేశారు.

అసలు కథ అక్కడే, చేతులు కడుక్కుంటుంటే మొదలైంది. డ్రైవర్ అందర్నీ బండి వెనక్కి పిలిచి, దారిలో ఎవరైనా ఆపితే మనమంతా ఒకే ఫ్యామిలీ అని చెప్పండి అన్నాడు. చెప్పి ఊరుకోలేదు, వరసలు కూడా పంచాడు! తమిళ పెద్దాయన మా అత్తయ్యకి తమ్ముడు. జంటలో ఆ అమ్మాయి మా ఆడపడుచు, ఆ అబ్బాయి ఇంటల్లుడు. ఇంజినీరింగ్ పిల్లాడు నా కొడుకు. నాకు ముప్పై నాలుగు, వాడికి మీసాలున్నాయి. నేను నోరు తెరిచేలోపు ఆ జంట "భలే ఉంది, నాటకంలా ఉంది" అని నవ్వుతూ ఎక్కేశారు. అత్తయ్య మాత్రం ఎక్కుతూ ఎక్కుతూ "ఎందుకమ్మా అబద్ధం, గుడికే కదా పోతున్నాం?" అన్నారు. ఆ ప్రశ్నకి బండిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

మైసూరు హైవే మీద టోల్ దాటాక కొంతదూరంలో పోలీసులు జీపు అడ్డంగా పెట్టుకుని నిలబడ్డారు. డ్రైవర్ మొహం పాలిపోయింది. ఓ కానిస్టేబుల్ బండి పక్కకి తీయించి, అద్దం దింపించి లోపలికి తొంగిచూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, మర్యాదగానే, కన్నడలో ఎక్కడికి అని అడిగాడు. "ఫ్యామిలీ సార్, దేవస్థానం" అన్నాడు డ్రైవర్. ఆయన అందర్నీ కిందికి దిగమన్నాడు. దిగాం. ఒక్కొక్కర్నీ విడివిడిగా పిలిచి ఒకటే ప్రశ్న, పక్కవాళ్ళ పేరేంటి?

నా కొడుకు నా పేరు చెప్పలేకపోయాడు. "అమ్మ" అన్నాడు. అమ్మకి పేరుండదా అని కానిస్టేబుల్. ఇంటల్లుడుగారు మా ఇంటిపేరు తప్పు చెప్పాడు. తమిళ పెద్దాయనని మీ అక్కగారి ఊరేదంటే "ఊరు... ఊరు..." అని కెమెరా బెల్టు పిసుక్కుంటూ నిలబడిపోయాడు పాపం. ఇన్‌స్పెక్టర్‌కి అప్పటికే నవ్వొస్తోంది. చివర్న అత్తయ్య దగ్గరికొచ్చి, మా మాటలు విన్నాడేమో, కోలారు యాస తెలుగులో "ఏమ్మా, ఈయప్ప మీకు తమ్ముడైతాడా?" అన్నాడు. చింతామణి పక్కనట వాళ్ళది, ఇంట్లో తెలుగే. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, "నాకు తమ్ముళ్ళు లేరు నాయనా. ఇద్దరు అన్నలు, పెద్దాయన పోయారు. ఈయన నా పక్క సీట్లో కూర్చున్నారు, మంచివారే" అన్నారు.

అంతే. ఇల్లంతా ఒక్క నిమిషంలో కూలిపోయింది.

ఆ తర్వాతదే నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మమ్మల్ని రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి, బండి నంబర్ కనిపించేలా ఫోటో తీశారు, రికార్డు కోసమట. పోయే బస్సులు స్లో చేసి మరీ చూస్తున్నాయి. ఓ కారులోంచి పిల్లవాడు చెయ్యి ఊపాడు. గంజాయితోనో గంధపు చెక్కలతోనో దొరికినవాళ్ళని పేపర్లో అలా నిలబెడతారు, వెనక బండి, ముందు మనుషులు. ఫోటో తీస్తుంటే అత్తయ్య "ఆగవయ్యా, కొంగు సర్దుకోనీ" అన్నారు, నేను మాత్రం తల దించుకునే ఉన్నాను. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషిని నా చేతులతో నేనే తెచ్చి రోడ్డుమీద నిలబెట్టించానే అని కడుపు మండిపోయింది, నా మీద కాదు, ఆ వాట్సాప్ పెద్దమనిషి మీద. ఆయనకి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నాను, డ్రైవర్ చూసుకుంటాడు" అని పెట్టేశాడు. డ్రైవర్ అప్పటికే ఇన్‌స్పెక్టర్ వెనకాల చేతులు జోడించుకుని తిరుగుతున్నాడు.

మళ్ళీ వివరాలు. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి కట్టారు, ఫోన్లో చూపించండి. ఆ "పెట్రోల్ షేర్" అందరి స్క్రీన్ల మీదా వరసగా కనబడింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి "ఆరుమంది పెట్రోల్ పదమూడు వేలా మేడమ్, మేలుకోటె ఇక్కడే కదా" అన్నాడు. ఏం చెప్తాం? కన్నడలో రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఏముందో చదివి చెప్తేగానీ పెట్టనన్నారు అత్తయ్య. ఆయనే కూర్చుని లైను లైనూ తెలుగులో చెప్పాడు. అది చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, చెప్పొద్దూ.

ఆయన చెప్పిన సంగతి ఇది, మీకూ పనికొస్తుంది. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత బండి. మనుషుల్ని డబ్బుకి ఎక్కించుకోవాలంటే పసుపు ప్లేటు ఉండాలి, పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా అద్దెకి తిప్పితే మోటారు వాహనాల చట్టంలో 192ఏ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 జరిమానా, బండి కూడా పట్టుకోవచ్చు. మనకి అంతకంటే ముఖ్యం ఇన్సూరెన్స్. సొంత కారు పాలసీలో అద్దెకి వాడకూడదని స్పష్టంగా రాసే ఉంటుంది, రేపేదైనా జరిగితే కంపెనీ అదే చూపించి తప్పుకోడానికి చూస్తుంది. "మీకు ఫైన్ లేదమ్మా, కానీ దెబ్బ తగిలితే మీకే తగిలేది" అన్నాడు.

బండి స్టేషన్‌కి పోయింది. మేం రోడ్డు మీద మిగిలాం. జంట అక్కణ్ణుంచే క్యాబ్ బుక్ చేసుకుని బెంగుళూరు వెళ్ళిపోయారు, వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి "ఆంటీ కొంచెం అడ్జస్ట్ అయ్యుంటే అయిపోయేది" అని నాతో అంది. అడ్జస్ట్ అవడమంటే? డబ్బులు కట్టింది మేం, అబద్ధం ఆడాల్సింది మేం, దొరికితే రోడ్డు మీద నిలబడాల్సింది మేం, ఆయనేమో మీటింగ్‌లో ఉంటాడు. ఈ తరానికి అబద్ధం కూడా ఒక యాప్‌లో ఆప్షన్ అయిపోయింది. పెద్దవాళ్ళని నిజం చెప్పినందుకు తప్పుపట్టే దాకా వచ్చాం.

వెనక్కి పోదామా అంటే అత్తయ్య ససేమిరా అన్నారు. సర్వీసు రోడ్డులో ఆటో దొరికింది, మండ్య బస్టాండులో మేలుకోటె బస్సెక్కాం, తమిళ పెద్దాయన, పిల్లాడు కూడా మాతోనే. ఆడవాళ్ళకి కర్ణాటక బస్సులో ఫ్రీ కదా, కానీ ఇక్కడి అడ్రసున్న కార్డు చూపించాలి. నాకు సున్నా టికెట్, ఒంగోలు ఆధార్ ఉన్న అత్తయ్యకి డబ్బు టికెట్. "మా రాష్ట్రంలో నాకూ ఫ్రీయేనయ్యా" అని కండక్టర్‌కి తెలుగులోనే చెప్పారు. ఆయన నవ్వి చిల్లర ఇచ్చాడు.

చేరేసరికి గుడి మూసేశారు. అక్కడ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, పొద్దున్నే చేరేలా వెళ్ళండి. పులిహోర వాళ్ళు పులియోగరె అంటారు, నల్లగా, నువ్వుల పొడి ఘాటుతో ఉంటుంది, ఆకలికి ఆ పూట అమృతం. కల్యాణి కోనేటి మెట్ల మీద కూర్చుని అత్తయ్య కథ చెప్పారు. చోళరాజు బాధ పడలేక రామానుజులు ఇటు రావడం, హొయ్సల బిట్టిదేవుడు విష్ణువర్ధనుడవడం, ఉత్సవమూర్తి చెలువపిళ్ళెని ఢిల్లీ సుల్తాను ఇంటినుంచి తెస్తే ఆ సుల్తాను కూతురు విగ్రహాన్ని వదలలేక వెంటే వచ్చేసిందని, ఆవిడే బీబీ నాంచారని. విగ్రహం వెతకడానికి సాయపడ్డ దళితులకి ఏడాదిలో మూడ్రోజులు గుళ్ళోకి ప్రవేశం ఇచ్చారని, వాళ్ళని తిరుక్కులత్తారు అని పిలిచారని కూడా చెప్పారు. ఇంజినీరింగ్ పిల్లాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. వాడు నిజంగా నా కొడుకైనా బాగానే ఉండేది.

అక్కా తంగి కొలనులు, సగంలో ఆగిపోయిన రాయగోపురం స్తంభాలు చూశాం. రాయగోపురం దగ్గర ఫోటోలు దిగేవాళ్ళ గోల భరించలేం. కన్నడ కవి పు.తి. నరసింహాచార్ పుట్టిన ఊరు కూడా ఇదే. చేనేత పంచెలు కొనాలనుకుంటే ఇక్కడ కొనండి, మా మామయ్యగారికి ఒకటి తీసుకున్నాం, అంచు బాగుంది. సాయంత్రం చెలువనారాయణ దర్శనమయ్యాక యోగనరసింహస్వామి కొండ ఎక్కారు అత్తయ్య. కొన్ని వందల మెట్లు. డెబ్భై దాటిన మనిషి, నాకంటే ముందు పైకి చేరి "ఏంటమ్మా, జిమ్‌కి పోతావుగా?" అన్నారు. తొండనూరు చెరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. బస్సులో మండ్య, అక్కణ్ణుంచి రైల్లో బెంగుళూరు, అర్ధరాత్రికి ఇల్లు. మా ఆయన ఇంకా కాల్‌లోనే ఉన్నాడు.

ట్రిప్పులు బుక్ చేసేవాళ్ళకి నా మాట. ముందు బండి నంబర్ అడగండి. ఇవ్వకపోతే అక్కడే ఆపేయండి. ఇస్తే ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూడండి, మోటార్ క్యాబ్ అనో మ్యాక్సీ క్యాబ్ అనో ఉండాలి, పర్మిట్ తేదీ ఉండాలి. ఊరికే మోటార్ కార్ అని ఉంటే అది సొంత బండే. కరెంటు బండ్లకి ఆకుపచ్చ ప్లేటు ఉంటుంది, అందులో అక్షరాలు పసుపైతే అద్దె బండి, తెలుపైతే సొంతది. యూపీఐ నోట్‌లో వాళ్ళు చెప్పింది రాయకండి, "మేలుకోటె టూర్" అని ఉన్నదున్నట్టు రాయండి. ఇంకోటి, రివ్యూల్లో "ఫ్యామిలీలా ఉంది" అని రాసినవాళ్ళని నమ్మొద్దు.

డబ్బు వెనక్కి అడిగితే ఆ పెద్దమనిషి సగం పంపి "మీరు మేలుకోటె చూశారు కదా మేడమ్" అన్నాడు. చూశాను, నా బస్సు టికెట్‌తో చూశాను, నువ్వు పంపింది రోడ్డు పక్కన ఫోటో వరకే అని పెట్టాను. వెంటనే ట్రిప్పు వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశాడు. మిగతా సగం కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. దాంతో కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతా, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, తమిళ పెద్దాయన కూడా సంతకం పెడతానన్నారు. ఆ పెద్దాయన, పిల్లాడు ఇంకా గ్రూపులోనే ఉన్నారు, కబుర్లు పంపుతున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ జంట వచ్చే శనివారం కోలారు వైపు ఆవని ట్రిప్పుకి అతని దగ్గరే బుక్ చేసుకున్నారట. ఈసారి ఎవరికి అల్లుడో, ఎవరికి ఆడపడుచో.