గోల్కొండ దగ్గర ఆగిన కారు, అమ్మ మీద పడిన నింద

హైదరాబాదులో మూడు రోజులు ఉన్నాం. చార్మినార్ చూశాం, లాడ్ బజారులో గాజులు బేరమాడాం, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ గంట కొట్టడం చూడాలని అందరితో పాటు మెడలు సాచి నిలబడ్డాం. వాటి గురించి రాసే ఓపిక నాకు లేదు. గోల్కొండ కోట బయట పార్కింగులో గడిపిన రెండున్నర గంటలే ఇంకా బుర్రలో తిరుగుతున్నాయి.

విజయవాడ నుంచి మా పాత పెట్రోలు కారులోనే వెళ్లాం. బస్సు మేలని నా భార్య ముందే అన్నది. టోల్ ఖర్చు, పెట్రోలు ఖర్చు కాగితం మీద లెక్క వేసి మరీ చూపించింది. అమ్మ మోకాళ్ల నొప్పుల సాకు చెప్పి నేను నెగ్గాను.

ఆదివారం మెహదీపట్నం, లంగర్‌హౌస్ రద్దీ దాటి కోట చేరేసరికి మూడున్నర. కొండ మీది అమ్మవారి గుడి చూడాలని అమ్మకు ఆశ. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది అక్కడే కదా. కానీ మెట్లు మూడు వందల అరవైకి పైనే అని వినగానే సీటులో వెనక్కి వాలింది. "మీరు వెళ్లి రండిరా, నేను పాటలు వింటూ కూర్చుంటాను" అన్నది. చెట్టు నీడన కారు పెట్టి, అద్దాలు దించి, తాళం ఆమె చేతికిచ్చి వెళ్లాం.

కింద గుమ్మటం దగ్గర గైడు చప్పట్లు కొట్టడం, అది కొండ కొసన అంత దూరాన ఉన్న బాలాహిసార్‌లో వినిపించడం అయ్యాక, ఐదు గంటలకు కిందికి దిగాం. నలభై రూపాయల మొక్కజొన్న పొత్తు (నలభై!) తింటూ కారెక్కి తాళం తిప్పాను.

టక్.

అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ ఒక్క టక్. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ చక్కగా వెలుగుతున్నాయి, ఇంజన్ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారు మాత్రం తీసుకోవడం లేదు.

"ఎంతసేపు పెట్టావమ్మా రేడియో?"

"మీరు వెళ్లినప్పటి నుంచీ ఉందిరా."

"గంటన్నరా!" నా గొంతు పెద్దదే అయింది. "అత్తయ్యగారికి ఏం తెలుస్తుందండీ పాపం" అన్నది నా భార్య. ఆ 'పాపం' నా అరుపు కంటే గట్టిగా తగిలినట్టుంది, అమ్మ కొంగు సర్దుకుని కోట గోడ వైపు తిరిగి కూర్చుంది.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీద తెల్లగా, సున్నం పూసినట్టు పొడి. చిన్నప్పుడు నాన్న అంబాసిడర్ మొరాయించిన ప్రతిసారీ అమ్మ వంటింట్లోంచి చెంబుతో వేడినీళ్లు తెచ్చేది, నాన్న టెర్మినళ్ల మీద పోసేవారు. పొడి బుసబుసమని కరిగిపోయేది. తుడిచి, బిగించి, వాసెలిన్ రాసేవారు. కార్ల గురించి నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర వేడినీళ్లు అడిగితే గ్లాసుకు పది రూపాయలు తీసుకున్నాడు. టీ ధర పదిహేను! పోశాను, కరిగింది, పక్క డ్రైవరు దగ్గర పది నంబరు స్పానర్ తీసుకుని బిగించాను. టక్.

ఆ డ్రైవరే జాలిపడి తన కారును మూతికి మూతి ఆనించి, జంపర్ తీగలు తీశాడు. ఎర్ర తీగ ప్లస్ నుంచి ప్లస్‌కు, నల్ల తీగ మైనస్ నుంచి మైనస్‌కు. ఐదు నిమిషాలు అతని ఇంజన్ నడిచాక తిప్పాను. టక్. "సెల్ఫ్ మోటారు పోయింది సార్, బండి లాక్కెళ్లాల్సిందే" అని తీర్పు చెప్పేశాడు. తోసి స్టార్ట్ చేద్దామంటే ముందు ఆటోలు, వెనక పొత్తుల బండి.

ఈలోగా గోడ మీది నంబరుకు నేను ఫోను చేసిన బ్యాటరీ కుర్రాడు బైకు వెనక కొత్త బ్యాటరీ కట్టుకుని వచ్చాడు. మీటరు లేదు, ఏమీ లేదు. రేడియో సంగతి చెప్పగానే "అదే సార్, పెద్దావిడ వాడేశారు" అని తేల్చేశాడు. 5,200 రూపాయలు, పాతది ఇస్తే 4,600. నేను పర్సు తీశాను కూడా.

ఆపింది పొత్తులు కాల్చే ఆవిడ. "ఆగండి సార్, మెకానిక్ చాచాను పిలుస్తాను. లంగర్‌హౌస్‌లోనే ఉంటాడు" అన్నది. ఆ పొత్తు ధర మీద నాకున్న కోపం అక్కడితో సగం తగ్గింది.

చాచా వచ్చేసరికి చీకటి పడుతోంది. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, స్కూటరు ముందు రేకు పెట్టె. బానెట్ వైపు చూడలేదు. "హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి" అన్నాడు. కొట్టాను. కారు ముందు గోడ మీద పడ్డ వెలుగు ఇసుమంతైనా తగ్గలేదు. "బ్యాటరీ చచ్చిపోయి ఉంటే దీపం కూడా చావాలి కదా సార్?" అన్నాడు. గంట నుంచి ఆ దీపాలు నా కళ్ల ముందే వెలుగుతున్నాయి.

పెట్టెలోంచి పాత మల్టీమీటరు తీశాడు. బ్యాటరీ రెండు కొసల మీద పెడితే 12.5 వోల్టులు. సెల్ఫ్ కొట్టినప్పుడూ దాదాపు అంతే. తర్వాత ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద ఆనించి "ఇప్పుడు కొట్టండి" అన్నాడు. అంకె గబగబా ఎక్కి తొమ్మిది దాటింది. "ఇక్కడ అర వోల్టు కూడా కనబడకూడదు. ఎర్త్ రావడం లేదు, అంటే బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్‌కూ మధ్య దారి తెగింది."

డ్రైవరు దగ్గరి నల్ల జంపర్ తీగను అడిగి, ఒక కొస మన బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజన్ మీది బోల్టుకు తగిలించాడు. వేరే కారుతో పనే లేదు. తాళం తిప్పగానే, వారం రోజులు నిద్రపోయి లేచినట్టు, ఇంజన్ ఒక్క ఊపులో అందుకుంది.

బ్యాటరీ మైనస్ తీగ కారు బాడీకి ఉంటుంది. ఇంజన్ మాత్రం రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుందట, అందుకే బాడీ నుంచి దానికి కరెంటు తనంతట తాను వెళ్లదు. ఇంజన్‌కు బిగించిన గేర్‌బాక్సుకూ బాడీ చాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది, అదే దారి. రేడియోకు ఒకటి రెండు ఆంపియర్లు చాలు, పైగా అది బాడీ నుంచే తీసుకుంటుంది. సెల్ఫ్ మోటారుకు వంద పైమాటే. టార్చి వేసి చూపించాడు: పట్టీ ఆకుపచ్చగా చిలుము పట్టి, పోగులన్నీ తెగి, రెండు మూడింటి మీద వేలాడుతోంది. డ్రైవరు నల్ల తీగను మొదటే ఇంజన్ ఇనుముకు పెట్టి ఉంటే ఆరోజుకు బండి కదిలి ఉండేది, కానీ తర్వాత ఏ టోల్ గేటు దగ్గరో మళ్లీ ఆగేది.

"బండి ఎప్పుడైనా నీళ్లలో నిలబడిందా?" అని అడిగాడు. నేను తెల్లబోయాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చక్రాలు మునిగేంత నీళ్లలో రెండు రోజులు ఉంది. అప్పుడు సీట్లు ఎండబెట్టాం, తివాచీలు మార్చాం. తీగల జోలికి ఎవరూ పోలేదు. పదిహేను రోజులుగా పొద్దున పూట రెండోసారి తిప్పితే గానీ అందుకోకపోవడం కూడా అప్పుడే గుర్తొచ్చింది. చలి వల్ల అనుకున్నాను.

"కొండ మీదకు చప్పట్లు వెళ్లాయి గానీ, జానెడు దూరం కరెంటు వెళ్లలేకపోయింది" అన్నది నా భార్య. బస్సు మాట ఎత్తలేదు, అదొక దయ.

చాచా బ్యాటరీ మైనస్ క్లాంపు ఊడదీశాడు. బోల్టు కింది ఇనుమును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. పెట్టెలో ఉన్న లావుపాటి కేబుల్ ముక్కకు రెండు వైపులా లగ్గులు (బోల్టుకు తగిలించే లోహపు కొసలు) నొక్కి బిగించాడు. అసలు పట్టీ పుత్లీబౌలిలో దొరుకుతుందని, ఊరు చేరేదాకా ఇది చాలని చెప్పాడు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1 చూపించి మీటరు కట్టేశాడు. ఆరు వందలు అడిగాడు. అడుగు తీగకు ఆరు వందలా అని లోలోపల గొణుక్కున్నాను. బ్యాటరీ కుర్రాడు అప్పటికే బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇచ్చేశాను.

అప్పుడు అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "బాబూ, ఇంజన్ ఆపి ఎంతసేపు వినవచ్చు రేడియో?"

"బ్యాటరీ బాగుంటే రెండు గంటలకు ఏమీ కాదమ్మా."

"ఇంకోసారి చెప్పు నాయనా, వీడికి వినబడేలా."

అతను నిజంగానే ఇంకోసారి చెప్పాడు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర టీకి ఆపి, ఇంజన్ కట్టేసి, తాళం జేబులో వేసుకున్నాను. నా భార్య దిగింది. అమ్మ దిగలేదు. వెనక సీటులోంచి చెయ్యి చాచి, తాళం ఇమ్మన్నది.