టీడీఎస్ మీటరు చూపని కామెర్లు

మునుగోడు, మర్రిగూడ వైపు నీళ్ల మాట వస్తే ముందు ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఆ బాధ ప్రతి ఊళ్లో కళ్లముందే ఉంది కాబట్టి కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చాక ఇక భయం లేదనిపించింది. నాకు కామెర్లు వచ్చింది ఆ తియ్యటి నీళ్లు తాగుతున్న కాలంలోనే.

మొదట ఒళ్లునొప్పులు, సన్నజ్వరం. తాలింపు వాసన తగిలితే కడుపులో తిప్పేది. కుడిపక్క పక్కటెముకల కింద బరువు. మూత్రం డికాక్షన్ రంగుకు మారింది, ఆ తర్వాతే కళ్లు పచ్చబడ్డాయి. పచ్చబడేసరికి జ్వరం దిగిపోయింది. ఈ జబ్బు వరసే అంత. అది తెలియక మొదటి వారంలో విడాల్ పరీక్ష ఒక్కటే చేయించి, టైఫాయిడ్ అనుకుని యాంటీబయాటిక్స్ మింగేవాళ్లు చాలామంది.

రక్తంలో కామెర్ల పసుపుకు కారణమయ్యే బిలిరుబిన్ 9 దాటింది, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ వెయ్యి పైన ఉంది. కొత్తగా సోకిన జబ్బును పట్టే ఐజీఎం రక్తపరీక్షలో హెపటైటిస్ ఈ అని తేలింది, అంటే మురికి నీళ్లతో సోకే వైరస్ వల్ల కాలేయం వాచడం. డాక్టరు మాత్రం ముందు ఐఎన్ఆర్ చూశారు. రక్తం గడ్డకట్టడానికి కావలసినవి కాలేయం తయారు చేస్తున్నదా లేదా చెప్పే లెక్క అది. నాది 1.1. అది 1.5కు పోయినా, మనిషి మత్తుగా తూగుతున్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, వాంతులు ఆగకపోయినా ఇంట్లో ఉంచకూడదు. నెలలు నిండుతున్న గర్భిణులకు ఇదే జబ్బు చాలా ప్రమాదం, చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోతారు. వాడలో కామెర్లు కనపడ్డాయంటే ఆశా వర్కర్ ముందు పోవాల్సింది గర్భిణులున్న ఇళ్లకే.

దీనికి ప్రత్యేకం మందు లేదు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినమన్నారు. ఉప్పు, నూనె పూర్తిగా మానేసే పథ్యం అక్కర్లేదు, దానివల్ల మనిషి ఇంకా నీరసపడతాడు. కల్లు, సారా ఆరు నెలలు బంద్. జ్వరానికి పారాసిటమాల్ సహా ఏ మాత్ర అయినా అడిగే వేసుకోవాలి. పసరు పోయించుకోమని, చేతి మీద కాల్పించుకోమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. దానంతటదే తగ్గే జబ్బు కాబట్టే పసరుకు పేరొచ్చింది. కొన్ని పసర్లు అసలే వాచిన కాలేయాన్ని ఇంకా చెడగొడతాయి.

ఇక నీళ్ల సంగతి. నేను నీళ్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇంట్లో వాళ్లు మొదట అడిగింది, నిన్న ఏ నీళ్లు తాగావని. ఆ ప్రశ్న తప్పు. హెపటైటిస్ ఈ వైరస్ ఒంట్లోకి పోయాక బయటపడటానికి 2 నుంచి 10 వారాలు పడుతుంది. ఈరోజు నీళ్లు పట్టి పరీక్షకు పంపితే ఇప్పటి సంగతి తెలుస్తుంది తప్ప అప్పటిది తెలియదు. వెనక్కి పోయి రెండున్నర నెలల్లో ఏం జరిగిందో రాసుకోవాలి: ఎక్కడ పైపు పగిలింది, ఎక్కడ మోరి తవ్వారు, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఏయే రోజులు బ్లీచింగ్ వేయలేదు. మా వాడలో ఆ మధ్యే మోరి తవ్వారు. ఇళ్ల నల్లా పైపులు ఆ మోరిలోంచే పోతున్నాయి.

పైపులో నీళ్లున్నంతసేపు ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది. పగులు ఉన్నా నీళ్లు కారిపోతాయి తప్ప మురికి లోపలికి రాదు. సరఫరా ఆపగానే పైపు ఖాళీ అవుతూ చుట్టూ ఉన్నదాన్ని గుంజుకుంటుంది. దానికి తోడు నల్లాకు నేరుగా మోటారు బిగించేవాళ్లు ఉంటారు. ఆ మోటారు పక్కింటి పైపులోంచి కూడా గుంజుతుంది, ఆ పైపు ఉన్నది మోరి నీళ్లలోనే. ధార సరిగా రావడం లేదని గుంత తీసి అందులో నల్లా పెట్టుకోవడం మరో పెద్ద తప్పు. గుంత నిండితే నల్లా మూతి మునుగుతుంది, సరఫరా ఆగగానే ఆ గుంత నీళ్లు పైపులోకే పోతాయి. వాల్వు గుంతల్లో నిలిచే నీళ్లదీ అదే దారి.

ఇవన్నీ సరిచేసేదాకా అడ్డు నిలబడేది క్లోరిన్ ఒక్కటే. శుద్ధి కేంద్రంలో కలిపింది దారి పొడవునా తగ్గుతూ వస్తుంది, అందుకే ఊరి ట్యాంకులో మళ్లీ కలపాలి. లెక్క తేలిక. ట్యాంకు లీటర్లను కావలసిన మోతాదుతో గుణించి, బ్లీచింగ్ పొడిలో ఉన్న క్లోరిన్ శాతానికి పది రెట్లతో భాగిస్తే గ్రాములు వస్తాయి. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున, 25 శాతం పొడి అయితే 480 గ్రాములు. మూతి విప్పి చెమ్మ తగలనిచ్చిన సంచిలో శాతం 15కు పడిపోతే అదే పనికి 800 గ్రాములు కావాలి. రోజూ ఒకే డబ్బాతో కొలిచి వేసే చోట్ల జరిగే మోసం ఇదే, పొడి వేసినట్టే ఉంటుంది, క్లోరిన్ మాత్రం ఉండదు.

పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, మళ్లీ నీళ్లు పోసి, పది పదిహేను నిమిషాలు ఆగితే సున్నం అడుగున పేరుకుంటుంది. పైతేట మాత్రమే, ట్యాంకు నిండుతున్నప్పుడు నీళ్లు పడే చోట పోస్తే బాగా కలుస్తుంది. అరగంట ఆగాకే ఊరికి వదలాలి.

క్లోరిన్ మిగిలిందో లేదో చూడాల్సింది ట్యాంకు కింద కాదు, చివరి ఇంటి నల్లా దగ్గర. క్లోరిన్ ఉంటే ఆర్థోటోలిడిన్ అనే రసాయనం చుక్కలు వేయగానే పసుపు వస్తుంది, వేసిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే లేని క్లోరిన్ ఉన్నట్టు రంగు ముదురుతుంది. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500 చెబుతుంది. వైరస్ భయం ఉన్నప్పుడు 0.5. అది రోజూ రిజిస్టరులో ఎక్కాలి, ఏ ఇంటి దగ్గర చూశారో కూడా రాయాలి.

ఇళ్లలో మాత్రం టీడీఎస్ మీటరు ముంచి 80 వచ్చింది, మంచి నీళ్లే అంటారు. ఆ మీటరు చూపేది కరిగిన లవణాల అంచనా. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు, క్రిముల గురించి అసలే చెప్పదు. ఆర్వో ప్లాంటు క్యాన్ల మీద నాకున్న అనుమానం కూడా అదే. క్లోరిన్ తగిలితే నీళ్లను వడకట్టే పొర, అదే మెంబ్రేన్, పాడవుతుంది కాబట్టి ముందే కార్బన్ ఫిల్టరుతో దాన్ని తీసేస్తారు. బయటికొచ్చే నీళ్లు శుభ్రంగానే ఉన్నా వాటికి కాపలా లేదు. సరిగా కడగని క్యాన్, చెయ్యి ముంచిన గ్లాసు చాలు. అనుమానం ఉన్న రోజుల్లో ఏ నీళ్లయినా బుడగలు పొంగి మసలాక ఇంకో నిమిషం ఉంచి దించుకోవాలి.

పచ్చదనం పోయే ముందు ఒళ్లంతా దురద పెట్టింది, అది నెమ్మదించాక ఆకలి తిరిగొచ్చింది. బిలిరుబిన్ మామూలుకు వచ్చినా అలసట ఇంకా చాన్నాళ్లు ఉంది, మెట్లెక్కితే తెలిసేది. కామెర్లు కనపడ్డాక కూడా కొన్ని వారాల పాటు మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో నేను వంట జోలికి పోలేదు, మరుగుదొడ్డి దగ్గర సబ్బు ఎప్పుడూ ఉండేలా చూశాం. మోరిలో ఉన్న నల్లా పైపులను మోరి గోడకు పైనుంచి, ఇనుప గొట్టంలో దూర్చి దాటించారు. మోటార్లు మాత్రం ఇంకా రెండు మూడు ఇళ్లలో నల్లాకే ఉన్నాయి.