కడప బండ మీద ఉప్పునీళ్ళ తొట్టి: మొదటి మూడున్నర నెలలు

మంచినీళ్ళ చేపలు ఆరేళ్ళుగా పెంచుతున్నాను. ఈసారి ఉప్పునీళ్ళవి పెట్టాలని మనసు పడింది. నేను పెట్టుకున్న హద్దు 15 వేలు. ఇంట్లో చెప్పింది ఎనిమిది.

తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అద్దాల అంగట్లో 6 ఎంఎం గాజుతో చేయిస్తే 1,200 అయింది. లెక్కకు 57 లీటర్లు పట్టాలి గానీ, పైన రెండు వేళ్ళు వదిలి, రాళ్ళూ ఇసుకా పోగా నిలిచేది 45 లీటర్లే. మందైనా ఉప్పైనా లెక్కంతా ఈ 45 మీదే.

ఇనుప స్టాండు 2,500 చెప్పారు. కడపలో ఉండి ఇనుము కొనడం ఏంటని రెండు పక్కలా ఇటుకలు పేర్చి, మీద ఒకటిన్నర అంగుళాల పాలిష్ బండ వేయించాను. కూలితో కలిపి 800. నీళ్ళు నింపాక బరువు 70 కిలోల దాకా వస్తుంది కాబట్టి మట్టం సరిగ్గా ఉండాలి. మేస్త్రీ నీళ్ళ ట్యూబు పెట్టి చూస్తే ఒక మూల నాలుగు మిల్లీమీటర్లు దిగి ఉంది. పెంకు ముక్క దోపి సరిచేశాడు. బండకూ గాజుకూ మధ్య అరంగుళం థర్మోకోల్ తప్పనిసరి. బండ మీద ఇసుక రేణువు ఉన్నా గాజు అడుగు అక్కడే చిట్లుతుంది.

బండతో ఒక పొరపాటు చేశాను. పంపుకు పట్టిన తెల్లటి పొరను వెనిగర్‌తో తుడుస్తుంటే నాలుగు చుక్కలు బండ మీద పడ్డాయి. కడప బండంటే సున్నపురాయి. పులుపు తగలగానే సన్నగా నురగ వచ్చి, నల్లటి పాలిష్ మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చలు పడిపోయాయి. ఎంత రుద్దినా పోలేదు. ఇప్పుడు ఆ పని బాత్రూంలో బక్కెట్లో చేస్తున్నాను.

అసలు ఖర్చు నీళ్ళ దగ్గర మొదలైంది. మా బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 900 పైన. ఇంట్లో ఆర్వో ఉంది గానీ, రుచి కోసం చివర్లో కాసిన్ని ఖనిజాలు కలిపి వదులుతుంది. అందుకని మెంబ్రేన్ దాటగానే పైపుకు ఒక టీ జాయింటు పెట్టి, అక్కడి నుంచి సన్న పైపు లాగి, మిగిలిన లవణాలను కూడా లాగేసే, 600 పెట్టి కొన్న డీఐ రెజిన్ గొట్టం గుండా పంపిస్తున్నాను. మీటరు మీద సున్నా వస్తుంది. ఇరవై లీటర్లు నిండడానికి ఒక పూట పడుతుంది.

మెరైన్ సాల్ట్ ఐదు కిలోలు 1,600. బిల్లు అమ్మ కంట పడింది. "రాళ్ళుప్పు కిలో ఇరవై రూపాయలు కదప్పా, ఆ చేపలకు ఇదేమన్నా తెలుస్తుందా?" అంది. తెలుస్తుంది. వంట ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్ళలో లీటరుకు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 పైచిలుకు కాల్షియం, దాదాపు అంతే పొటాషియం ఉంటాయి. అవి లేకుండా ఉప్పదనం ఒక్కటీ కుదిర్చినంత మాత్రాన సముద్రం అయిపోదు.

అయినా అమ్మ ఉప్పు ఒకచోట పనికొచ్చింది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు 1,250. దాన్ని వట్టి నీళ్ళతో సున్నాకు తిప్పి వదిలేస్తే 35 (సముద్రపు నీళ్ళ ఉప్పదనం) దగ్గర తప్పు చూపించొచ్చు. 36.5 గ్రాముల వంట ఉప్పును 963.5 గ్రాముల నీళ్ళలో కరిగిస్తే రీడింగు సరిగ్గా 35 రావాలి. అర గ్రాము తూకం మన తరాజుల్లో ఎక్కడ? మా వీధిలో బంగారం పనిచేసే అన్న దగ్గరికి పోయాను. ఉప్పు పొట్లం చూసి, "బంగారం రేటు పెరిగిందని దీంట్లోకి దిగినావా?" అన్నాడు. తూచి ఇచ్చాడు. నా మీటరు 37 చూపించింది. అంటే సరిచేయకపోయుంటే ఎప్పుడూ రెండు తక్కువగా కలుపుతుండేవాణ్ణి.

ఫిబ్రవరి 4న నీళ్ళు నింపాను. ఏడు కిలోల ఎండు రాయి, ఐదు కిలోల ఇసుక, వెనక్కి తగిలించే ఫిల్టరు, నీళ్ళను కదిలించే చిన్న వేవ్ మేకర్. మరుసటి రోజు మార్కెట్ నుంచి ఒక పచ్చి రొయ్య తెచ్చి పాత సాక్సులో కట్టి లోపల వేలాడదీశాను. అది కుళ్ళితే అమ్మోనియా వస్తుంది. చేపలు రాకముందే దాన్ని తినే బ్యాక్టీరియా పెరిగి నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. డబ్బా బ్యాక్టీరియా కొంటే తొందరగా అవుతుందంటారు. నా దగ్గర డబ్బు లేదు, టైముంది.

ఆరో రోజు: హాల్లో చేపల మార్కెట్ వాసన. అమ్మోనియా టెస్టు గొట్టం ఆకుపచ్చగా మారింది, 2 పీపీఎం. రొయ్యను తీసేశాను.

15వ రోజు: అమ్మోనియా దిగుతోంది, నైట్రైటు గొట్టం వంకాయ రంగు.

22వ రోజు: రాళ్ళ మీదా ఇసుక మీదా గోధుమ రంగు పొర. డయాటమ్స్ అనే సన్న నాచు. కొత్త తొట్టికి పట్టే జలుబు లాంటిది, దానంతటదే పోతుంది. ఏమీ చేయలేదు.

34వ రోజు: అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా, నైట్రేటు 20. పావు వంతు నీళ్ళు మార్చాను.

చేపల కోసం మద్రాసు కొళత్తూరు పోయాను. ముందు ఫోన్ చేసి వాళ్ళ నీళ్ళ ఉప్పదనం అడిగితే సాంద్రత లెక్కలో 1.021 అన్నారు, అంటే నా మీటరు మీద 28 చిల్లర. మామూలు సముద్రం 1.026. అంగళ్ళలో తక్కువ పెట్టుకోవడం మామూలే. నా తొట్టిని కూడా ముందే 28కి దించి పెట్టుకున్నాను.

ఇంకోచోట ఒకాయన తెల్లటి పగడపు ముక్కలు చూపించి, తొట్టిలో పెడితే భలే ఉంటాయన్నాడు. ముట్టుకోలేదు. దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి ఉన్న పట్టికే అది. చచ్చిన ముక్కైనా కేసే. నేను కొనాలనుకున్న క్లౌన్ చేపలతో ఆ బాధ లేదు, తొట్లలోనే పుట్టించినవి దొరుకుతాయి. కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళు మండపం, విళింజంలలో ఆ పద్ధతులు నిలబెట్టారు. జత వెయ్యి రూపాయలు. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది చూసి తీసుకున్నాను. ఇవన్నీ పుట్టుకతో మగవే. జతలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది.

రాత్రి రైలు, ఒళ్ళో థర్మోకోల్ డబ్బా. ఇంటికొచ్చాక సంచి కట్టు విప్పకుండా అరగంట తొట్టిలో తేలనిచ్చి, విప్పగానే చేపల్ని వలతో తీసి లోపల వదిలాను. గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్ళు కలపడం ఇక్కడ తప్పు. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అందులో పోగైన అమ్మోనియా అప్పుడు విషమవుతుంది. ఉప్పదనం ముందే కలిపి పెట్టుకుంది అందుకే.

తర్వాత పది రోజులు, ఆవిరైనంత మేరకు ఉప్పునీళ్ళే పోస్తూ మెల్లగా 35కి తెచ్చాను. అప్పటి నుంచి మంచినీళ్ళే. ఆవిరయ్యేది నీళ్ళే గదా, ఉప్పు లోపలే ఉంటుంది.

ఏప్రిల్లో ప్రొద్దుటూరు పెళ్ళికి మూడు రోజులు పోయాం. అమ్మ ఇంట్లోనే ఉంది. తొట్టి మీద గీసిన గీత దాకా రోజూ నీళ్ళు పోయమని చెప్పాను. ఏ బక్కెట్టులోవో చెప్పలేదు. ఉప్పునీళ్ళవీ, మంచినీళ్ళవీ రెండూ ఒకే రకం పెయింటు బక్కెట్లు. వచ్చేసరికి మీటరు 38 దాటింది, చేపలు మూలన నిలబడి దవడలు ఆడిస్తున్నాయి. అమ్మను అడిగితే, "ఉప్పునీళ్ళ చేపకు ఉప్పునీళ్ళు కాక ఇంకేం పోస్తారు? నువ్వూ అవే పోస్తుంటివి కదా" అంది. నిజమే, ఆ పది రోజులూ చూసింది పాపం. ఒక్కసారిగా తగ్గిస్తే అదో దెబ్బ. మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా తీసి మంచినీళ్ళు పోసి దించాను. ఇప్పుడు ఒక బక్కెట్టుకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. అమ్మకు ఒక లీటరు చెంబు ఇచ్చి, ఎన్ని చెంబులు పోసిందో గోడ మీది క్యాలెండర్లో రాయమన్నాను.

మే నెల. బయట 42, మధ్యాహ్నం తొట్టిలో 31.5. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మిషను ధర అడిగి ఫోన్ పెట్టేశాను. 350 పెట్టి చిన్న ఫ్యాను కొని నీళ్ళ మీదికి వాలుగా తిప్పితే మూడు డిగ్రీలు దిగింది. నెల్లూరు లాంటి చోట గాలిలో తేమకు ఇంత దిగదు. మన పొడి ఎండ కలిసొచ్చింది ఇక్కడొక్కచోటే. కరెంటు పోతే ఫ్యానూ వేవ్ మేకరూ ఇన్వర్టరు మీద నడుస్తాయి, లైటు ఆరిపోతుంది.

లైటూ, టెస్ట్ కిట్లూ అన్నీ కలిపి 14,700 అయింది. రైలు చార్జీలు కలిపితే హద్దు దాటినట్టే. వారానికి ఐదు లీటర్లు మార్చడం, రెండు పూటలా చిటికెడు గుళికలు, అంతకు మించి పనేం లేదు.

నిన్న రాత్రి: 28.4 డిగ్రీలు, ఉప్పదనం 35, నైట్రేటు 10. క్యాలెండర్లో అమ్మ చేతిరాత: రెండు చెంబులు, మూడోది సగం.