నొప్పుల సెలైన్ పెట్టాక

చెల్లికి నొప్పులు రావడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ పెట్టారు. "కాస్త స్పీడు పెంచమ్మా, త్వరగా అయిపోతుంది" అని మా పెద్దమ్మ ఒకటే గొడవ. నర్సు వినలేదు. చెల్లి పొట్ట మీద చెయ్యి ఆనించి, గోడ గడియారం చూస్తూ నొప్పులు లెక్కపెడుతోంది. పది నిమిషాల్లో ఐదు దాటితే ప్రమాదమట. నొప్పికీ నొప్పికీ మధ్య గర్భసంచి సడలితేనే కదా మాయకు రక్తం, దాని ద్వారా బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందేది!

బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. ఉన్నట్టుండి మానిటర్‌లో 90కి పడింది. నర్సు వెంటనే మందు చుక్కలు ఆపేసి, చెల్లిని ఎడమ పక్కకు తిప్పి, డాక్టరమ్మకు కబురు పంపింది. గుండె మళ్లీ పుంజుకుంది.

ఈ మందు ఎక్కుతున్నప్పుడు తల్లిని ఒంటరిగా వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. ఒక్క నర్సుకు ఆరేడు మంచాలు అప్పగించే చోట అదెలా కుదురుతుందో మరి.